రెండో రోజు డ్యూటీ

తమ్ముడికి,

అక్క దీవెనలు. మేమిక్కడ క్షేమం. క్షేమమంటే నా మోకాళ్లనూ మీ బావ చెవులనూ పక్కన పెడితే మిగతా అంతా క్షేమం. నువ్వూ, మరదలూ, మేనకోడలూ ఆరోగ్యంగా ఉన్నారని నీ ఉత్తరం చూసి సంతోషించాను. అది అంది మూడు వారాలైంది. తీరిక లేక జవాబు రాయలేదని అబద్ధం చెప్పను. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది. దీన్ని చింపనని మీ బావకు మాటిచ్చి కూర్చున్నాను.

ఇంత అవస్థ ఎందుకు, ఫోన్ చేయొచ్చు కదా అని మరదలు అన్నదట. నీతో ఫోన్‌లో మాట్లాడడం నా వల్ల కాదు. "ఆ", "ఊఁ", "ఇదిగో, దానికిస్తున్నా" అనే మూడు మాటలతో కాలం గడిపేస్తావు. అదే కాగితం ముందు కూర్చుంటే పేజీన్నర రాస్తావు, అందులో నన్ను వెక్కిరించే వాక్యాలు కనీసం రెండుంటాయి. మనిద్దరికీ ఇదే నయం.

ముందు నువ్వడిగిన వాటికి వరసగా చెబుతాను. మోకాళ్లకు ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదన్నాడు డాక్టరు. మెట్లు మాత్రం ఎక్కొద్దన్నాడు. మా శాఖ ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు నేను ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచీ రిపేరులోనే ఉంది. మీ బావకు చెవి మిషన్ తెచ్చాం. పెట్టుకోడు. పెట్టుకుంటే నా మాటలన్నీ వినపడుతున్నాయట. మేనకోడలికి లెక్కలంటే ఇష్టమైతే స్టాటిస్టిక్స్ తీసుకోనివ్వు. పేరు నీకు నోరు తిరగడం లేదని దాన్ని వద్దనకు. నీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లు కూడా నిన్ను "నిదానం" అనే అంటున్నారని రాశావు. డిపోలో పెట్టిన పేరు అంత దూరం ఎవరు మోసుకొచ్చారో కనుక్కో. బస్సు అంత మెల్లగా నడిపే మనిషిని పిల్లలకు నేర్పమని పంపడంలో మీ పైవాళ్లకు బాగానే బుర్ర ఉంది.

ఇక నువ్వు చివర్లో సగం నవ్వులాటగా అడిగినది. "మగవాళ్ల మీద ఒక చదువు పెడతామంటే నువ్వు ఒంటికాలి మీద లేస్తున్నావని పేపర్లో చదివాను. మేమేం చేశామక్కా నిన్ను?" అని రాశావు. దాని కిందే, నా పుస్తకం కొత్త ముద్రణ వస్తే ఒక కాపీ పంపమనీ, మీ ట్రైనింగ్ స్కూల్లో పెడతాననీ రాశావు. ఆ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన చూశాక నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

మా యూనివర్సిటీలో సోషియాలజీలో ఒక కొత్త లెక్చరర్ చేరాడు. సన్నగా, ఎప్పుడూ చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతుంటాడు. పురుషుల అధ్యయనాన్ని స్వతంత్రమైన శాస్త్రంగా గుర్తించి దానికొక శాఖ ఇవ్వాలని అతను ప్రతిపాదన పెట్టాడు. తేల్చమని ఐదుగురితో కమిటీ వేశారు. స్త్రీల అధ్యయన శాఖకు ఇరవై ఏళ్లుగా నేనే పెద్దను కాబట్టి నన్నే అధ్యక్షురాలిని చేశారు. నేను ఎటు మొగ్గుతానో వాళ్లకు తెలుసు.

నిజం చెప్పాలంటే, ప్రతిపాదన చదివిన మొదటి రోజు నవ్వొచ్చింది. "లైబ్రరీ అంతా వాళ్లదే. మళ్ళీ ప్రత్యేకంగా ఒక అల్మారా దేనికి?" అన్నాను. ఆ మాటే పేపర్లో పెద్దక్షరాలతో వేశారు, నువ్వు చూసింది అదే. మా ఎకనామిక్స్ ప్రొఫెసరమ్మ, నాకు ముప్ఫై ఏళ్ల స్నేహితురాలు, ఇంకా ఘాటుగా మాట్లాడింది. "మన శాఖకు ఒక గది, ఒక టైపు మిషన్ ఇవ్వడానికి వీళ్లు తొమ్మిదేళ్లు తిప్పించుకున్నారు. ఇప్పుడు ఆ గదిలోంచే సగం కోసి వాళ్లకివ్వమంటారు" అంది. ఆవిడ భయం ఉత్తిది కాదు. ప్రతిపాదన సంగతి బయటికి పొక్కగానే పెళ్లాల మీద కేసులు వేసుకున్న నలభై మంది ఒక అర్జీ పట్టుకుని వచ్చారు. శాఖ రాగానే తమ తరఫున మాట్లాడాలట. ఆ అర్జీ చూసి లెక్చరర్ ముఖం పాలిపోయింది. "నేను అడుగుతున్నది ఇది కాదు మేడమ్" అని మాత్రం అనగలిగాడు.

మరి నీకేం కావాలయ్యా అంటే అతను చెప్పింది ఇది. పుస్తకాల నిండా రాజులున్నారు, సేనాపతులున్నారు, మంత్రులున్నారు. వాళ్లు చేసిన పనులున్నాయి. మగవాడిగా బతకడం ఎలా ఉంటుందన్నది ఎక్కడా లేదు. కమిటీలో ఉన్న మెడికల్ కాలేజీ డాక్టరు ఆ మాట పట్టుకున్నాడు. తన ఓపీలో మగవాడిని నొప్పి ఎక్కడ అని అడిగితే పక్కనున్న భార్య జవాబు చెబుతుందట, భార్య రాకపోతే అతను రానే రాడట. హిస్టరీ ప్రొఫెసర్ ఎటూ తేలని మనిషి. ఏదో ఒక శాఖలో ఒక పేపరుగా పెట్టి వదిలేయండి, శాస్త్రమనీ గుర్తింపనీ ఇంత రభస ఎందుకు అన్నాడు. నాకది నచ్చింది. "మా శాఖలోనే పెట్టుకోండి, చోటిస్తాను" అన్నాను. చాలా ఉదారంగా మాట్లాడానని కూడా అనుకున్నాను.

లెక్చరర్ కాసేపు తన కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత, "మీ శాఖలో పెడితే ప్రశ్నలు మీరే తయారుచేస్తారు మేడమ్" అన్నాడు. "అందులో తప్పేముంది?" అన్నాను. "మీ పుస్తకంలో ఏడో పట్టిక ఉంది కదండీ. మూడువందల మంది భర్తల్లో రెండువందల అరవై రెండు మందికి 'ప్రభావం లేదు' అని. మగవాళ్ల గురించి వేరే చదువు అక్కర్లేదనడానికి అందరూ ఆ పట్టికే చూపిస్తున్నారు. ఆ కాలమ్‌కు జవాబులు చెప్పింది ఎవరండీ?"

"సర్వే నియమాల ప్రకారమే చేశాం" అన్నాను. అది జవాబు కాదని నాకు తెలుసు, అతనికీ తెలుసు.

ఆ సర్వే నీకు గుర్తుండే ఉంటుంది. ఇరవై నాలుగేళ్ల కిందటి మాట. కాన్పులో బిడ్డను పోగొట్టుకున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్ళి వాళ్ల కష్టం వినడం. అప్పటిదాకా ఆ బాధకు ఎవరూ పేరు పెట్టలేదు. "మళ్ళీ కడుపు పండుతుందిలే" అని చెప్పి వంటింట్లోకి పంపేవాళ్లు. మీ బస్సు కార్మికుల క్వార్టర్స్‌లో, చుట్టుపక్కల వీధుల్లో ఇల్లిల్లూ తిరిగాను. మేం పెట్టుకున్న మొదటి నియమం, మాట్లాడేటప్పుడు గదిలో మగవాళ్లు ఉండకూడదు. భర్తనూ మామగారినీ బయటికి పంపి తలుపు వేసేదాన్ని. తలుపు పడ్డాకే ఆ ఆడవాళ్లు నోరు విప్పేవాళ్లు. ఆ నియమం వల్లే ఆ పుస్తకం వచ్చింది, దానివల్లే మా శాఖ నిలబడింది. తలుపు వేసినందుకు నేను ఈ రోజుకీ బాధపడను.

కానీ ఫారంలో ఇరవై ఏడో ప్రశ్న ఒకటి ఉండేది. "భర్త మీద ప్రభావం: లేదు, కొంత, ఎక్కువ." భర్తేమో బయట మెట్ల మీద కూర్చుని ఉండేవాడు, లేకపోతే పనిలో ఉండేవాడు. అతన్ని పిలిచి అడగడానికి చాలాసార్లు మాకు ఓపిక ఉండేది కాదు. "మీ ఆయన సంగతేమిటమ్మా?" అని భార్యనే అడిగేవాళ్లం. "ఆయనకేముందండీ" అనేది. "లేదు" అన్నచోట టిక్కు పెట్టేదాన్ని.

మీటింగ్ మర్నాడు పొద్దున్నే మా స్టోర్ రూమ్ తాళం తీయించాను. ఆ ఫారాలు పన్నెండు కట్టలు, అడుగు మందాన దుమ్ము. మీ బావ ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి సాయం కూర్చున్నాడు. ప్రతి ప్రశ్న పక్కనా "జవాబు చెప్పినవారు" అని చిన్న గడి ఉంది. అది పెట్టమన్నది కూడా నేనే. పెట్టి, నింపి, ఆ గడిని ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. మూడు రోజులు కూర్చుని లెక్కపెట్టాం. మూడువందల మంది భర్తల్లో తన గురించి తాను జవాబు చెప్పినవాళ్లు పదకొండు మంది. మిగతా అందరి సంగతీ భార్యో, అత్తో, ఆడపడుచో చెప్పింది. ఆ పదకొండు మందిలో ఒక్కడు కూడా "లేదు" అనలేదు.

ఒక్క ఫారంలో మాత్రం ఆ గడి ఖాళీగా ఉంది. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఈ చిక్కు కాగితాలతో తీరదని, ఆ భర్తల్లో ఇంకా ఊళ్లో ఉన్నవాళ్లెవరో వెతికాను. ముందు దొరికింది మీ డిపోలో రిటైరైన కండక్టర్. సైకిల్ షాపు మీద రెండు గదుల్లో ఉంటున్నారు భార్యాభర్తలు. పాత ఫారం చూపించి, అప్పుడు మీ గురించి మిమ్మల్ని అడగలేదు, ఇప్పుడు అడుగుదామని వచ్చానన్నాను. ఆయన నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. "ఆయనకేం లేదండీ. దేనికీ బాధపడే రకం కాదు. అంత జరిగినా వేళకు తిన్నారు, వేళకు డ్యూటీకి పోయారు." ఆయన తలూపాడు.

నా సర్వీసు మొత్తంలో మొదటిసారి ఒక ఆడమనిషిని గదిలోంచి బయటికి వెళ్ళమన్నాను. ఆవిడకు కోపమొచ్చింది. "ఆయనకేం తెలుసని? ఐదు నిమిషాలకు నన్నే పిలుస్తారు చూడండి" అని వెళ్ళింది. నిజంగానే ఆయన తలుపు వైపు రెండుసార్లు చూశాడు. ఫ్యాన్ పెంచాడు. తగ్గించాడు. బల్ల మీద గుడ్డ సరిచేశాడు. ఇరవై నిమిషాలు నేనూ నోరెత్తలేదు. తమ్ముడూ, ఆడవాళ్ల దగ్గర అంతసేపు మాట్లాడకుండా కూర్చోవాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. తలుపు వేస్తే చాలు, వాళ్లే మాట్లాడేవాళ్లు. ఇక్కడ తలుపు వేసినా ఏమీ జరగలేదు. లేచి వచ్చేద్దామనుకున్నాను.

అప్పుడన్నాడు, "నా గురించి ఏముందమ్మా. మా డ్రైవర్ సంగతి చెబుతాను, రాసుకోండి."

రాసుకున్నాను. ఆయన మాటల్లోనే పెడుతున్నాను.

"పద్నాలుగో నంబరు రూటమ్మా. క్వారీల మీదుగా పోతుంది. దుమ్ముకు కళ్లు తెరవలేం. ఆ రూటు పడిందంటే డ్రైవర్లు సెలవు పెట్టేసేవాళ్లు. ఈయన కావాలని రాసిచ్చి వేయించుకున్నాడు. పాప పోయిన రెండో రోజే డిపోకొచ్చాడు. కంట్రోలర్ కేకలేశాడు, ఇంటికి పొమ్మన్నాడు. 'పద్నాలుగు ఇస్తే ఎక్కుతాను, ఇవ్వకపోతే పోతాను' అన్నాడు. ఇచ్చారు. ఆ దారిలో శ్మశానం గేటు ముందర ఒక స్టాపుంది. అక్కడ ఎక్కేవాళ్లుండరు, దిగేవాళ్లుండరు. రోజుకు ఆరు ట్రిప్పులు. ప్రతి ట్రిప్పుకీ ఆపేవాడు. హ్యాండ్ బ్రేక్ వేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చునేవాడు. నేను విజిల్ వేసేదాకా."

"ఎప్పుడు వేయాలో మీకెలా తెలిసేది?" అన్నాను.

"వెనక నుంచి ఆయన భుజాలు కనిపిస్తాయి కదమ్మా. తెలిసిపోతుంది."

"ప్రయాణికులు ఊరుకునేవాళ్లా?"

"గోల చేసేవాళ్లు. రేడియేటర్ వేడెక్కింది, చల్లారాలి అనేవాడిని. పదకొండేళ్లు అదే చెప్పాను. వానాకాలంలో కూడా అదే చెప్పాను." ఇక్కడ కొంచెం నవ్వాడు. "అందుకే ఆయనకు నిదానం అని పేరు పెట్టారు డిపోలో. ఏ ట్రిప్పూ టైముకు వచ్చేది కాదు."

"మీరిద్దరూ దాని గురించి ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?"

"మాట్లాడేదేముందమ్మా, బస్సు ఆగేది కదా" అన్నాడు.

నిదానం అన్న పేరు నీదే కదా. అక్కడ బస్సు ఆగినప్పుడు మీరేం చేసేవారని అడిగాను. "నేనా? వెనక తలుపు దగ్గర నిలబడేవాడిని" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "మా బాబు కూడా అక్కడే కదమ్మా. మీ కాగితంలో ఉంటుంది చూడండి."

ఉంది. అది చూసుకునే వెళ్ళాను. ఆ ఇంట్లో కూర్చున్న గంటలో ఆ ఒక్క మాటే ఆయన తన గురించి చెప్పింది. ఇరవై ఏడో ప్రశ్నకు ఇప్పుడేం రాయమంటారని అడిగితే, "మా ఆవిడ రాయించింది అలాగే ఉంచండి. ఆవిడ చెప్పింది తప్పని నా నోటితో అనలేను" అన్నాడు.

మెట్లు దిగబోతుంటే నాకు చెయ్యందించి, "మీరు ఆయన అక్కగారని తెలుసమ్మా. మీ పుస్తకం వచ్చినప్పుడు పది కాపీలు తెచ్చి మా అందరికీ పంచాడు. మా అక్క రాసిందని అందరికీ చెప్పాడు" అన్నాడు.

"చదివారా?" అన్నాను.

"నలభై ఒకటో పేజీ దాకా" అన్నాడు ఆయన. ఆ తర్వాత నువ్వు కూడా ఆ పుస్తకం మాట ఎత్తలేదట.

ఇక దాచి లాభం లేదు. నాలుగుసార్లు ఇక్కడికొచ్చే చింపేశాను. నలభై ఒకటో పేజీలో ఒకామె మాట అని కొటేషన్ ఉంది కదా. "రెండో రోజు పొద్దున్నే యూనిఫాం వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఆ మనిషికి పోయింది ఏమీ లేదు." క్లాసుల్లో ఎక్కువగా చదివి వినిపించేది ఆ రెండు వాక్యాలే. పరీక్షల్లో అడుగుతారు. ఆ మనిషివి నువ్వే. ఆ మాట మాత్రం మరదలు అనలేదు.

నేను అన్నాను. ఆ పది రోజులూ నేను మీ ఇంట్లోనే ఉన్నాను. రెండో రోజు పొద్దున నువ్వు బూట్లు తుడుచుకుంటుంటే చూసి నాకు ఒళ్లు మండిపోయింది. లోపల మరదలు గోడవైపు తిరిగి పడుకుని ఉంది, వీడు బూట్లు తుడుచుకుంటున్నాడా అనుకున్నాను. సర్వే ముగించడానికి నాకు మూడు ఫారాలు తక్కువగా ఉన్నాయి. సొంతవాళ్లను తీసుకోకూడదన్న నియమం రాసింది నేనే, తప్పింది నేనే. ఐదో రోజు మరదలితో కూర్చుని అన్నీ రాసుకున్నాను. అది చెప్పిన ప్రతి మాటా నిజంగా అది చెప్పిందే. ఇరవై ఏడో ప్రశ్న దగ్గర, "ఆయన సంగతి నాకు తెలియదు వదినా, ఆయన్నే అడుగు" అంది. నిన్ను అడగలేదు. "లేదు" అన్నచోట టిక్కు పెట్టాను. జవాబు చెప్పినవారి గడిలో ఎవరి పేరు రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. పుస్తకం రాసేటప్పుడు నా కోపాన్ని మరదలి నోట్లో పెట్టి అచ్చు వేయించాను. దాని ముఖం చూసి ఈ సంగతి చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు.

నువ్వు ఆ పేజీ చదివే ఉంటావు. చదివి, అది మరదలి మాటే అనుకుని ఉంటావు. నీ పెళ్లాం నిన్ను అలా అనుకుంటోందని నమ్మి ఇన్నేళ్లు దాని పక్కన బతికావేమోనన్న ఊహ వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అందుకే ముందుగా ఈ ఒక్కటి రాసేస్తున్నాను. అది ఏనాడూ అలా అనలేదు. నిన్ను అడగమంది. ఈ ఉత్తరం దానికి కూడా చదివి వినిపించు. నన్ను ఏమన్నా పడతాను.

ఇప్పుడు కమిటీ సంగతి. చివరి మీటింగ్ వచ్చే నెల ఐదున. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు ఉన్నారు, నా ఓటే మిగిలింది. గుర్తింపు ఇవ్వాలని వేస్తాను. నా స్నేహితురాలు ఇది విని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "నీ చేత్తోనే మన శాఖకు గొయ్యి తవ్వుతున్నావు. ఏడో పట్టిక తప్పని నువ్వే చెబితే రేపు పుస్తకమంతా తప్పంటారు. ఆ అర్జీ పట్టుకొచ్చినవాళ్లు చంకలు గుద్దుకుంటారు" అంది. అనొచ్చు. నేను ఆవిడకు చెప్పింది నీకూ చెబుతాను. ఆ మూడువందల మంది ఆడవాళ్లు తమ గురించి చెప్పింది ఒక్క అక్షరం కూడా తప్పు కాదు. వాళ్లను కొట్టిన మగవాళ్లున్నారు, గొడ్రాలని తిట్టినవాళ్లున్నారు, ఆ పేజీలు అలాగే ఉంటాయి. పడిపోయేది ఒక్క కాలమ్. అది పడిపోవాల్సిందే.

మా శాఖలోనే ఒక పేపరుగా ఎందుకు చాలదని నువ్వు అడగొచ్చు. మాకు ఆ పని రాదు కాబట్టి. ఆడవాళ్లతో మాట్లాడే పద్ధతిని మేం ముప్ఫై ఏళ్లు కష్టపడి నేర్చుకున్నాం. అదే పద్ధతితో ఆ కండక్టర్ దగ్గర కూర్చుంటే నాకు చేతకాలేదు. తన సంగతి అడిగితే పక్కవాడి సంగతి చెప్పే మనిషిని ఎలా అడగాలి, "ఏం లేదు" అన్న మాటను ఏమని రాసుకోవాలి, రెండో రోజు డ్యూటీకి వెళ్ళడాన్ని ఏ గడిలో వేయాలి, ఇవన్నీ ఎవరో మొదటి నుంచీ కూర్చుని నేర్చుకోవాలి. తమ ప్రశ్నలు తాము తయారుచేసుకోవాలి, తమ తప్పులు తాము చేయాలి. దాన్నే నేను వేరే శాస్త్రమంటాను. అది మాకు ఎదురు నిలబడే శాఖ కాకుండా చూసుకోవడం ఆ లెక్చరర్ పని. అతనికి ఆ మాట గట్టిగానే చెప్పాను. అతను చొక్కా చేతులు ఇంకో మడత వేసుకుని సరేనన్నాడు. మా గదిలో సగం పోతే పోనీ, ఎలాగూ మూడో అంతస్తు.

కొత్త ముద్రణ ప్రెస్సులో ఆపించాను. ఏడో పట్టిక తీసేసి, ఎందుకు తీశానో రాస్తాను. నలభై ఒకటో పేజీ మాట నిజానికి ఎవరిదో కూడా రాయాలి. ఐదో తారీఖున కమిటీ ముందు కూడా చెప్పాలి. ఆ మనిషి నా తమ్ముడని చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. వద్దంటే నా తప్పు మాత్రమే చెప్పి నీ సంగతి వదిలేస్తాను. నా ఓటు దానివల్ల మారదు. బాగా ఆలోచించుకో, నన్ను కాపాడాలని సరేననకు. ఆ పేజీ చదివి కూడా నన్నొక మాట అనకుండా ఇన్నేళ్లు కాపాడింది చాలు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం పద్నాలుగో నంబరు ఎక్కాను. క్వారీలు మూతపడ్డాయి, దుమ్ము లేదు. ఆ గేటు దగ్గర దిగుతానంటే కండక్టరమ్మాయి అక్కడ ఏముందండీ అని వింతగా చూసింది. కాపలా మనిషి చిన్నపిల్లల్ని పూడ్చిన వైపు ఎటో చూపించాడు. చిన్న చిన్న దిబ్బలు, వరసగా, కొన్నింటి మీద రాళ్లు, పేర్లు లేవు. ఎక్కడ నిలబడాలో తెలియక కాలిబాటలోనే కాసేపు నిలబడి వచ్చేశాను. నువ్వు పాపను ఎత్తుకుని వెళ్ళిన పొద్దున నేను మరదలి మంచం పక్కన ఉన్నాను. తిరిగొచ్చి పెరట్లో చేతులు కడుక్కున్నావు. మోచేతుల దాకా మట్టి ఉంది. నేను కిటికీలోంచి చూసి లోపలికి వచ్చేశాను. ముప్ఫై ఎనిమిది ప్రశ్నలు తయారుచేసిన మనిషిని, ఇది అడగలేదు.

ఎక్కడ పడుకోబెట్టావురా?

జవాబు నువ్వే రాయి.

ఇట్లు,
నీ అక్క,
పాపకు మేనత్త.